అనాతోతు పొలం కాగితం ఏ కుండలో ఉంది?

సంక్రాంతి దాటి, కుప్పలు నూర్చి, నాలుగు కూలి డబ్బులు చేతిలో పడగానే మన పేటల్లో కూటాలు మొదలవుతాయి. పందిరి మనదే, కరెంటు మనదే, తెల్లారి లేచి గుంజలు పీకేదీ మనమే. ప్రసంగికుడు మాత్రం పట్నం నుంచి కారులో దిగుతాడు. వెంట ఒక పెద్ద పటం తెస్తాడు. దాని మీద దానియేలు గ్రంథంలోని విగ్రహం బొమ్మ. బంగారు తల బబులోను, ఇనుప కాళ్ళు రోము, ఇనుమూ మట్టీ కలిసిన కాలివేళ్ళు ఫలానా ఫలానా దేశాలని కర్ర పెట్టి చూపిస్తాడు. 1948లో ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడింది కాబట్టి ప్రవచనం నెరవేరిందంటాడు. ఫలానా యుద్ధం వచ్చింది కాబట్టి ఇంకొకటి నెరవేరబోతోందంటాడు. మన ముసలోళ్ళూ పిల్లతల్లులూ పట్టాల మీద కూచుని రాత్రి పదకొండు దాకా వింటారు.

మొన్న ఒక ఊళ్ళో కూటానికి మేమూ వెళ్ళాం. ఊరి పేరు రాయం, అక్కడ ఇంకా తగాదా నడుస్తోంది. మూడో రాత్రి ప్రసంగం అయ్యాక ప్రశ్నలడగమన్నారు. వెనక నుంచి ఒక ముసలమ్మ లేచింది. "అయ్యగారూ, మా శ్మశానం దారి ఎప్పుడు నెరవేరుద్ది?" అని అడిగింది. జనం గొల్లున నవ్వారు. ఆ దారిని పక్క పొలం ఆసామి రెండేళ్ళ కిందట దున్నేసుకున్నాడు. శవాన్ని మోసుకుని కాలవ గట్టు మీద చుట్టూ తిరిగి పోతున్నారు. అయ్యగారు కూడా నవ్వి, "అమ్మా, మన పౌరసత్వం పరలోకంలో ఉంది, దారుల కోసం దిగులెందుకు" అన్నాడు. ఆవిడ కూచుంది.

ఈ వ్యాసం ఆ ముసలమ్మ అడిగిన మాట మీదే రాస్తున్నాం. నవ్వినవాళ్ళలో మేమూ ఉన్నాం గనక రాస్తున్నాం.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ప్రవక్త అంటే సోది చెప్పేవాడు కాదు, చిలక జోస్యం వాడు కాదు. బైబిల్లో ప్రవక్తలనబడ్డవాళ్ళు ఎక్కువమంది రాజు మొహం మీద నువ్వు చేస్తున్నది అన్యాయమని చెప్పి తన్నులు తిన్నవాళ్ళు. ఆమోసు తెకోవ ఊరి గొర్రెల కాపరి. మేడిచెట్లు చూసుకుని బతికేవాడు. బేతేలు గుడికి పోయి, మీరు చెప్పుల జోడు ఖరీదుకు పేదవాణ్ణి అమ్ముతున్నారని అరిచాడు. గుడి పూజారి అమజ్యా ఏమన్నాడు? ఇది రాజుగారి గుడి, నీ ఊరు పోయి అక్కడ చెప్పుకుని తిను అన్నాడు. నేను ప్రవక్తనూ కాదు, ప్రవక్త కొడుకునూ కాదని ఆమోసు జవాబు. చెప్పులు కుట్టే చేతులున్న మనకు ఆ చెప్పుల జోడు మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. కానీ మూడు రాత్రుల కూటంలో ఆమోసు పేరు ఒక్కసారి కూడా రాలేదు.

తారీఖులు పెట్టేవాళ్ళ సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాం. అమెరికాలో విలియం మిల్లర్ మాట నమ్మినవాళ్ళు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28 అన్నారు. హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో ప్రసంగికుడు 2011 మే 21 అన్నాడు, అది దాటితే అక్టోబరు 21 అన్నాడు. 2000 సంవత్సరం రాకముందు మన పేటల్నీ భయపెట్టారు. తర్వాత బార్‌కోడే 666 అన్నారు, ఆధారే 666 అన్నారు. చెప్పింది జరక్కపోతే ఆ ప్రవక్తకు భయపడొద్దని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం ఏనాడో చెప్పింది. ఇక ఆ లెక్కలతో మనకేం పని?

అసలు చిక్కు అక్కడ లేదు. జరిగిన ప్రవచనాల్లోనే ఉంది. నెరవేరింది అంటారు గదా, ఎవరికి నెరవేరింది?

నాబోతు కథ తీసుకోండి. యెజ్రెయేలులో రాజు కోట పక్కనే నాబోతు ద్రాక్షతోట. అహాబు రాజు మొదట్లో దొంగగా రాలేదు. మంచి ధర ఇస్తా, కాదంటే ఇంకా మంచి తోట ఇస్తా అన్నాడు. తాతల నాటి నేల అమ్మనన్నాడు నాబోతు. అప్పుడు యెజెబెలు రాణి ఏం చేసింది? గూండాల్ని పంపలేదు. రాజముద్ర వేసి ఊరి పెద్దలకు ఉత్తరాలు రాసింది. పెద్దలు సభ పెట్టారు. ఇద్దరు దొంగ సాక్షులు వచ్చారు. దైవదూషణ కేసు పెట్టి, చట్టప్రకారం రాళ్ళతో కొట్టి చంపారు. ఆ రోజే రాజు పోయి తోట స్వాధీనం చేసుకున్నాడు. ఉత్తరం, ముద్ర, పెద్దలు, సాక్ష్యం, తీర్పు, స్వాధీనం. తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకు ఈ వరస తెలుసు.

ఏలీయా వచ్చి రాజును తోటలోనే పట్టుకున్నాడు. చంపి ఆస్తి కూడా కలుపుకున్నావా అని నిలదీశాడు. నాబోతు నెత్తురు కుక్కలు నాకినచోటే నీ నెత్తురూ నాకుతాయన్నాడు. తర్వాత అహాబు యుద్ధంలో చచ్చాడు, రథం కడిగితే కుక్కలు నెత్తురు నాకాయి. యెజెబెలును కిటికీలోంచి తోసేశారు. కొడుకు యెహోరాము శవాన్ని యెహూ అదే పొలంలో పారేయించాడు. ప్రవచనం అక్షరాలా నెరవేరిందని ప్రసంగికులు ఇక్కడ గొంతు పెంచుతారు. జనం హల్లెలూయ అంటారు.

మరి తోట ఏమైంది? రాజుల రెండవ గ్రంథం 9వ అధ్యాయం ఇంకో సంగతి బయటపెడుతుంది. నాబోతుతో పాటు అతని కొడుకుల్నీ చంపారట. వారసులు లేరు. తోట ఎవరి పేర ఎక్కిందో బైబిలు చెప్పదు. దొరలు చచ్చారు, కుక్కలకు తిండి దొరికింది, పొలం మాత్రం తిరిగి రాలేదు. సగం నెరవేరిన ప్రవచనం అది. పాపాత్ముడికి శిక్ష పడితే మనకు సంతోషమే. కానీ మనకు శిక్షలే సరిగా పడవు గదా. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది మాలల్ని నరికి చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, పదహారేళ్ళు పోరాడితే 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చచ్చిపోయినవాళ్ళను ఊరి మధ్యలో పాతుకుని ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు మనవాళ్ళు. అక్కడ నిలబడి నాబోతు కథ చదివితే తెలుస్తుంది, కుక్కల వరకు కూడా ఇంకా రాలేదు.

ఇప్పుడు యిర్మీయా దగ్గరికి వద్దాం. ఈ మనిషి దగ్గర కాస్త ఎక్కువసేపు కూచోవాలి.

క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. సిద్కియా రాజూ పెద్దలూ భయపడి ఒక ఒప్పందం చేసుకున్నారు, మన దగ్గర వెట్టి చేసే హెబ్రీయుల్ని వదిలేద్దామని. గుడిలో ప్రమాణం చేశారు, వదిలేశారు కూడా. ఇంతలో ఐగుప్తు సైన్యం వస్తోందని విని బబులోనువాళ్ళు కాస్త వెనక్కి తగ్గారు. అంతే, పెద్దలు వదిలినవాళ్ళందర్నీ మళ్ళీ పట్టుకొచ్చి వెట్టిలో పెట్టారు. ఇది యిర్మీయా 34వ అధ్యాయంలో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. ప్రాణభయం ఉన్నంతసేపే ఒప్పందం. మనకు ఎన్నికల నెల గుర్తొస్తే తప్పు మాది కాదు. మీరు మీవాళ్ళకు స్వేచ్ఛ ఇవ్వలేదు కాబట్టి కత్తికీ తెగులుకూ కరువుకూ స్వేచ్ఛ ఇస్తున్నానని దేవుడి మాటగా చెప్పాడు యిర్మీయా. యెరూషలేము కాలిపోవడానికి కారణం విగ్రహారాధన అనే మాటే కూటాల్లో వింటాం. వెట్టి కూడా కారణమేనని రాసి ఉన్న ఈ అధ్యాయం ఎవరూ తియ్యరు.

అదే ముట్టడిలో యిర్మీయా చెరసాల ఆవరణలో ఉన్నాడు. చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో మన పొలం కొనుక్కోమన్నాడు. శత్రు సైన్యం ఊరి బయట ఉంటే పొలం ఎవడు కొంటాడు? యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల సంతకాలతో క్రయపత్రం రాయించాడు. ముద్ర వేసిందొకటి, వెయ్యనిదొకటి, రెండు కాగితాలూ మట్టికుండలో పెట్టి చాలాకాలం ఉండేటట్టు దాచమని బారూకుకు అప్పజెప్పాడు. ఈ దేశంలో ఇళ్ళూ పొలాలూ మళ్ళీ కొనుక్కునే రోజు వస్తుందనేదే ఆ ప్రవచనం. ప్రవచనం అంటే ఇక్కడ ఒక రిజిస్ట్రేషను కాగితం. మన ముసలమ్మలు డి-ఫారం పట్టాను గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచేది ఎందుకో యిర్మీయాకు అర్థమయ్యేది.

క్రీస్తుపూర్వం 586లో పట్నం పడిపోయింది. రాజు కళ్ళు పీకారు, గుడి కాల్చారు, పెద్దల్ని సంకెళ్ళు వేసి బబులోనుకు తోలారు. కూటాల్లో ఇక్కడ అందరూ ఏడుస్తారు. కానీ 39వ అధ్యాయం 10వ వచనం మీద మీరెప్పుడైనా ప్రసంగం విన్నారా? బబులోను సేనాధిపతి నెబూజరదాను, ఏమీ లేని బీదల్ని యూదాలోనే వదిలి, ఆ రోజు వాళ్ళకు ద్రాక్షతోటలూ పొలాలూ ఇచ్చాడు. దావీదు వంశం రాజుల చేతుల మీదుగా జరగని పని, పట్నం తగలబెట్టిన పరాయి సేనాధిపతి చేతుల మీదుగా జరిగింది. అతను మంచివాడని మేము అనడం లేదు. నేల బీడు పడకుండా పన్ను రావాలన్నదే అతని లెక్క అయి ఉండొచ్చు. ఇంగ్లీషువాడి బడీ, పల్టనూ, కాలవ పనీ మన తాతలకు ఏ లెక్కలో అందాయో అదీ అంతే. అయినా ఒక్క మాట అడుగుతాం. ఒకే రోజు, ఒకే సంఘటన. గుడి పెద్దలకు అది నాశనం. భూమి లేనివాడికి అది పట్టా చేతికొచ్చిన రోజు. ప్రవచనం నెరవేరిన రోజని ఏ వైపు నిలబడి చెబుతున్నారు మీరు?

డెబ్భై ఏళ్ళకు తిరిగి వస్తారన్న ప్రవచనం కూడా నెరవేరిందంటారు. నిజమే, కోరెషు రాజు క్రీస్తుపూర్వం 538లో ఆజ్ఞ ఇచ్చాడు, వచ్చారు, గుడి కట్టారు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళకు నెహెమ్యా యెరూషలేము గోడ కట్టిస్తుంటే కూలి పనిలో ఉన్న మగవాళ్ళూ ఆడవాళ్ళూ కేకలు వేశారు. కరువులో గింజల కోసం పొలాలు తాకట్టు పెట్టాం, రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశాం, మా ఒళ్ళూ మా అన్నదమ్ముల ఒళ్ళూ ఒకటే గదా, మరి మా ఆడపిల్లలు వాళ్ళ ఇళ్ళలో దాసీలయ్యారేం అని. తాకట్టు పట్టింది బబులోనువాడు కాదు. అదే కులం, అదే దేవుడు, అదే గుడి. నెరవేరిన ప్రవచనం మీద వడ్డీ వసూలు చేస్తున్న సొంత పెద్దలు.

నెహెమ్యా ఏం చేశాడు? ప్రార్థన పెట్టి పంపించెయ్యలేదు. పెద్ద సభ పిలిచాడు. నేనూ నా వాళ్ళూ కూడా అప్పులిచ్చాం అని సభలో ఒప్పుకున్నాడు. పొలాలూ ఇళ్ళూ వడ్డీ అన్నీ ఈ రోజే తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. యాజకుల ఎదుట ప్రమాణం చేయించాడు. ఈ రోజే అన్నాడు, సునాద సంవత్సరం దాకా ఆగమనలేదు. ఏభై ఏళ్ళకోసారి భూమి అసలు వాడికి తిరిగి పోవాలని లేవీయకాండం 25లో ఉంది. ఫలానా రాజు దాన్ని జరిపించాడని మాత్రం బైబిలు చరిత్ర పుస్తకాల్లో ఒక్క చోటా లేదు. మన 1973 భూసంస్కరణల చట్టం లాగానే. 1977 అసైన్డు భూముల చట్టం మాత్రం ఏం తక్కువ? కొన్నవాణ్ణి వెళ్ళగొట్టి పేదవాడికి తిరిగి ఇవ్వాలని రాసి ఉంది. ఎంత చోట జరిగింది? 2006లో కోనేరు రంగారావు కమిటీ 104 సిఫార్సులిచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం సవరించి 20 ఏళ్ళు దాటిన పట్టాదారుకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. హక్కు మంచిదే. కానీ అహాబు కూడా మొదట మంచి ధరే చెప్పాడని గుర్తుపెట్టుకోండి.

మన సొంత ప్రవచనం కూడా ఒకటుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద జ్యూయెట్ దంపతులూ ముగ్గురు తెలుగు క్రైస్తవులూ మోకరించి ప్రార్థించారు. 1867లో ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. 1878 జులై 3న, ధాత కరువు వెనకాలే, వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొండ మీది ప్రార్థన నెరవేరిందని మిషను పుస్తకాలు రాశాయి. వాళ్ళకు అది నెరవేర్పే. నీళ్ళలో దిగిన మాదిగలకు అది మొదలు. తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య క్లౌ దొర రాకముందే దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగినవాడు, ఊరూరూ నడిచి మనవాళ్ళను కూడగట్టినవాడు. పైకులాలవాళ్ళు, మాదిగల్ని చేర్చుకోకపోతే మేము వస్తామని ఒంగోలులో బేరం పెట్టారు. క్లౌ దొర వాళ్ళను పోనిచ్చి మనల్ని ఉంచుకున్నాడు. ఆ మాట కోసం ఆయనకు దండం పెడతాం. కానీ చచ్చిన గొడ్డు మోయం, డప్పు కొట్టం అన్నందుకు దెబ్బలు తిన్నది మన తాతలు, వాళ్ళ వీపుల లెక్క ఏ మిషను రిపోర్టులో పూర్తిగా దొరుకుతుంది?

ఆ తర్వాత మనం ఏం చేశాం? మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి కట్టుకున్నాం. రెడ్డి, కమ్మ క్రైస్తవులున్నచోట సమాధులు వేరే, సంబంధాలు వేరే. ఇది రాస్తే మనలో కొందరికి కోపం వస్తుంది. నెహెమ్యా సభలో సిగ్గుపడి మాట్లాడకుండా నిలబడ్డవాళ్ళూ సొంత అన్నదమ్ములే.

ఇక నజరేతు. యేసు సమాజమందిరంలో యెషయా గ్రంథం తీసి, బీదలకు సువార్త, చెరలో ఉన్నవాళ్ళకు విడుదల, నలిగినవాళ్ళకు స్వేచ్ఛ అని చదివి, ఇది మీరు వింటుండగా నేడు నెరవేరింది అన్నాడు. అప్పటిదాకా అందరూ మెచ్చుకున్నారు. సారెపతు విధవరాలూ, సిరియావాడు నయమానూ, అంటే బయటివాళ్ళు, దేవుడు ముందు వాళ్ళ దగ్గరికే పోయాడని చెప్పగానే లేచి కొండ అంచు మీంచి తొయ్యబోయారు. ప్రవచనం నెరవేరడం వాళ్ళకు ఇష్టమే. వెలివాడకు నెరవేరడమే కష్టం.

మన దేశంలో ఆ కొండ అంచు పేరు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా. హిందువు కానివాడు ఎస్సీ కాదన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైన మాలా మాదిగా ఇంకా బయటే. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై, తోటివాళ్ళకు ఇచ్చిన ఉచిత బంకు తనకు క్రైస్తవుడనని ఇవ్వలేదని సుప్రీంకోర్టు దాకా పోయాడు. మతం మారాక కూడా అదే బాధ ఉందని రుజువు చూపలేదని 1985లో కొట్టేశారు. చెప్పులు కుట్టే చెయ్యే రుజువు కాకపోతే ఇంకేం తేవాలి? 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసెయ్యమంది. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ కమిషన్ వేశారు, గడువు పొడిగించారు. పరలోక పౌరసత్వం గురించి మూడు రాత్రులు చెప్పే అయ్యగార్లలో ఈ మూడో పేరా గురించి మూడు నిముషాలు చెప్పేవాళ్ళు ఎంతమంది?

నీనెవెకు నలభై రోజుల గడువు చెప్పాడు యోనా. రాజు సింహాసనం దిగి బూడిదలో కూచున్నాడు, పట్నం బతికింది, ప్రవచనం నెరవేరలేదు. యోనాకు కోపమొచ్చింది, తన లెక్క తప్పిందని. మన ప్రసంగికులు చాలామంది యోనాలే, లెక్క నెగ్గితే చాలు వాళ్ళకు. మాకైతే ఆసామి రేపు పొద్దున నాగలి వెనక్కి తీసుకుని దారి వదిలితే చాలు, అతని మీద ఏ అగ్నీ కురవనక్కర లేదు.

వచ్చే నెల అదే పేటలో కూటం మళ్ళీ ఉందట. ఈసారి సంఘం తరఫున అయ్యగారిని ముందే కలిసి యిర్మీయా 39, నెహెమ్యా 5 చెప్పమని అడుగుతున్నాం. చెప్పనంటే చర్చి వాకిట్లో మేమే చదువుతాం. పట్టా, పాసుపుస్తకం, అడంగలు నకలు, పాత శిస్తు రసీదు, ఏది ఉంటే అది తెచ్చుకోండి, చదవడం రానివాళ్ళకు చదివి పెట్టేవాళ్ళు ఉంటారు. శ్మశానం దారి సర్వే నంబరు, గ్రామ నక్షా నకలూ ఇప్పటికే ఆ ముసలమ్మ దగ్గర ఉన్నాయి, పప్పుల కుండలో పెట్టిందట.